కొత్తవారిని బరిలోకి దింపేముందు

(సొసైటీ వార్షిక సమావేశంలో కరాటే శిక్షకుల తరఫున చేసిన ప్రసంగ పాఠం)





ఈ సభలో మాట్లాడమని మమ్మల్ని పిలిచినప్పుడు, పిల్లలు తెచ్చిన పతకాల గురించి నాలుగు మాటలు చెబితే చాలన్నారు. పతకాలు బయట బల్ల మీద పెట్టాం, వెళ్లేటప్పుడు చూడండి. వాటి గురించి మాట్లాడటానికి పిల్లలే సరిపోతారు. మేము వేరే సంగతి చెప్పుకుంటామని కమిటీ దగ్గర ముందే అనుమతి తీసుకున్నాం.

పిల్లలు దాన్ని ‘ఫైట్’ అంటారు. కరాటేలో పేరు కుమితే. బాక్సింగ్ వాళ్లు స్పారింగ్ అంటారు. పేరేదైనా, ఎదురుగా ఒక మనిషిని నిలబెట్టి, అతను నిన్ను కొట్టబోతాడు, నువ్వూ కొట్టు, కానీ ఇద్దరూ క్షేమంగా ఇంటికి వెళ్లాలి అని చెప్పడమే ఆ పని. చెప్పడానికి ఒక్క వాక్యం. నేర్పడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది, ఒక పిల్లవాడికి దెబ్బ తగిలాక గానీ సరిగ్గా తెలియలేదు.

కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ మొదటి రోజే అడుగుతాడు, “మాస్టర్, ఫైట్ ఎప్పుడు?” అని. అతని తల్లి గేటు దగ్గర ఆగి మెల్లగా చెబుతుంది, “మాస్టారూ, మావాడికి కటాలు నేర్పండి చాలు, ఫైట్ మాత్రం పెట్టొద్దు.” ఇద్దరికీ జవాబు చెప్పాలి.

అమ్మకు చెప్పే జవాబు ఇది. కటా ఒంటరిగా చేసేది, గాలిలో చేసేది. గాలి తిరిగి కొట్టదు. మూడేళ్లు కటాలు మాత్రమే చేసిన పిల్లవాడు, ఎదురుగా మనిషి ఒక అడుగు ముందుకు వేస్తే కళ్లు మూసుకుంటాడు. గట్టు మీద కూర్చుని ఈత నేర్చుకున్నట్టు ఉంటుంది. దూరం ఎంత, భయం ఎక్కడ మొదలవుతుంది, తన చెయ్యి ఎంత బలంగా తగులుతోంది అనేవి మనిషి ఎదురుగా ఉంటేనే తెలుస్తాయి. మీ బిడ్డ తన బలమెంతో తెలియకుండా పెద్దవాడు కావడం కంటే, మా కళ్ల ముందు తెలుసుకోవడం మంచిది.

కుర్రాడికి చెప్పే జవాబు చిన్నది. “మేము ఆపమంటే నీ చెయ్యి ఆగిన రోజున.”

ఇప్పుడు ఆ సంఘటన చెబుతాం. కమిటీలో పాతవారికి తెలుసు, కొత్తవారికి తెలియదు. దాచుకోవడం ధర్మం కాదు.

క్లాసు మొదలైన రెండో ఏడు. పదమూడేళ్ల పిల్లవాడు, చేరి మూడు నెలలు కూడా కాలేదు. తెల్ల బెల్టు. చురుకైనవాడు, చెప్పిందల్లా త్వరగా పట్టుకునేవాడు. ఒక సాయంత్రం అసర్ తర్వాత క్లాసులో, ఇంకో తెల్ల బెల్టు పిల్లవాడితో ఫైట్ పెట్టాం. ఎత్తు సరిపోయింది కదా అని జత కట్టాం. ఇద్దరూ కొత్తవాళ్లే. అప్పట్లో ఈ హాలులో మ్యాట్లు లేవు, కడప బండల నేల మీదే నేర్పేవాళ్లం. అవతలి కుర్రాడు కంగారులో గుద్దిన గుద్దు చెంప మీద తగిలింది. అది అంత పెద్ద దెబ్బేం కాదు. కానీ ఇతను వెనక్కి తూలి పడిపోయాడు, తల వెనుక భాగం బండకు తగిలింది. లేచి నిలబడ్డాడు. మాలో ఒకరు అన్నారు, “ఏం కాలేదు లే, నీళ్లు తాగు, వెళ్లి కూర్చో.” అరగంట తర్వాత సైకిల్ మీద ఇంటికి పంపించాం. ఒక్కణ్నే పంపించాం.

ఆ రాత్రి ఇషా తర్వాత వాళ్ల అమ్మీ నుంచి ఫోను. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, అడిగిందే మళ్లీ అడుగుతున్నాడు, క్లాసుకు వెళ్లిన సంగతే గుర్తు లేదంటున్నాడు. 108 వచ్చింది. మేమూ ఆస్పత్రికి పరుగెత్తాం. స్కానింగులో రక్తస్రావం ఏమీ లేదన్నారు, అల్‌హందులిల్లాహ్. మెదడు అదిరింది, కంకషన్ అంటారు, విశ్రాంతి ఇవ్వండి అన్నారు. మూడు వారాలకు మామూలు మనిషయ్యాడు.

మరునాడు వాళ్ల అబ్బా కువైట్ నుంచి ఫోను చేశారు. ఆయన అరుస్తారని అనుకున్నాం. అరవలేదు. “మాస్టారూ, నేను ఇక్కడ ఉన్నాను. వాణ్ని మీకు అప్పగించి వచ్చాను” అన్నారు. అంతే. మనం అమానత్ అంటాం కదా, నమ్మి చేతిలో పెట్టినది. ఆ మాట ఆయన వాడలేదు, అయినా మాకు అదే వినిపించింది. ఆ పిల్లవాడు మళ్లీ క్లాసుకు రాలేదు.

కమిటీ సమావేశంలో క్లాసు మూసేద్దామని కొందరన్నారు. వాళ్లది తప్పని మేము అనం. అప్పుడు ఒక పెద్దాయన, కుర్రతనంలో తాలింఖానాలో ఖుస్తీ పట్టిన నానా, మమ్మల్ని ఒకే ప్రశ్న అడిగారు. “మట్టి ఎవరు తవ్వారు?” మాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పారు. తాలింఖానాలో కొత్తగా చేరినవాణ్ని వెంటనే పట్టుకు దింపేవారు కాదట. ముందు పార ఇచ్చి గోదా మట్టి తవ్వమనేవారు. నెలల తరబడి తవ్వడం, దండీలు, బస్కీలు, పెద్దవాళ్ల పట్లు చూడటం, అంతే. ఆ మట్టిలో నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తగా ఉంచేవారు. తవ్వినవాడి ఒళ్లు గట్టిపడేది, పడేవాడికి నేల మెత్తబడేది, పొగరున్నవాడు వారంలోనే విసుగెత్తి వెళ్లిపోయేవాడు. “మీరు బండ మీద మూడు నెలల పిల్లలకు పోటీ పెట్టారు, మట్టి లేదు, తవ్వించనూ లేదు” అన్నారు నానా.

మూడు నెలలు ఫైట్ పూర్తిగా ఆపేశాం. మేము మళ్లీ విద్యార్థులమయ్యాం. వేరే ఊళ్ల శిక్షకుల దగ్గరికి వెళ్లి చూశాం, వైద్యుల్ని అడిగాం. అప్పటి నుంచి ఈ హాలులో జరుగుతున్నది చెబుతాం.

మొదటిది నేల. దెబ్బ కంటే పాటు ప్రమాదం. మ్యాట్లు పరచకుండా ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టం. మ్యాట్ల మధ్య సందు ఉంటే కాలి వేలు ఇరుక్కుంటుంది కాబట్టి క్లాసుకు ముందు పిల్లలే వంగి ఒక్కొక్క అతుకు నొక్కి చూస్తారు. నానా చెప్పిన మట్టి తవ్వకం మాకు ఇదే. స్తంభాలకు పరుపు కట్టాం. గోడకు, కిటికీ ఊచలకు దగ్గరగా ఏ జతా నిలబడకూడదు.

తర్వాత పడటం నేర్పుతాం. గడ్డం ఛాతీకి ఆనించి, వీపు గుండ్రంగా చేసి, చేతులు పక్కకు చరుస్తూ పడాలి. వెనక్కి పడేటప్పుడు చెయ్యి ఆనించడం మనిషికి అలవాటు, అలా ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. మొదట కూర్చుని, తర్వాత గొంతుక్కూర్చుని, చివరికి నిలబడి పడతారు. మొదటి నెలంతా పిల్లలు మమ్మల్ని తిట్టుకునేది ఇందుకే. మా తెల్ల బెల్టు పిల్లవాడొకడు మేడ మెట్ల మీద జారిపడి తలకు ఏమీ కాకుండా లేచాడని వాళ్ల నాన్న వచ్చి చెప్పినప్పుడు ఆ తిట్లన్నీ మరిచిపోయాం.

ఆ తర్వాత దూరం ఆట. ఇద్దరు ఎదురెదురుగా నిలబడతారు. ఒకరు అడుగు ముందుకేస్తే రెండోవారు అంతే వెనక్కి. చేతులు వాడరాదు. చెయ్యి చాపితే అందీ అందనంత దూరం ఎప్పుడూ ఉండాలి. జపాను గురువులు దీన్ని మాయ్ అంటారు. చూడటానికి డాన్సులా ఉంటుంది, పెద్ద పిల్లలు నవ్వుతారు. కానీ దూరం తెలిసినవాడికి సగం దెబ్బలు తగలనే తగలవు.

దాని మీద భుజం తాకే ఆట. పిడికిలి లేదు, అరచేతితో ఎదుటివాడి భుజం తాకాలి, మన భుజం తాకనివ్వకూడదు. మొదట్లో మోకాలు తాకే ఆట కూడా పెట్టాం. ఇద్దరూ ఒకేసారి వంగి తలలు ఢీకొన్నారు. మానేశాం.

ఇక కరాటేలో పాతకాలం నుంచి ఉన్న క్రమం ఉండనే ఉంది. గోహోన్ కుమితేలో ఐదు అడుగులు, సాన్‌బోన్‌లో మూడు, ఇప్పోన్‌లో ఒక్కటి. ఎక్కడ కొడతాడో ముందే చెప్పి కొడతాడు, ఎదుటివాడు ఆపుతాడు. తర్వాత జియు ఇప్పోన్‌లో ఎక్కడ కొట్టేదీ చెబుతాడు గానీ ఎప్పుడు కొట్టేదీ చెప్పడు. అదంతా అయ్యాకే జియు కుమితే, అంటే స్వేచ్ఛగా ఆడే ఫైట్. ఆ మెట్లు కట్టినవారు తెలివితక్కువవారు కారు. ఐదు మెట్లు ఎక్కాల్సిన చోట మేము మొదటి మెట్టు మీది నుంచి మేడ మీదికి దూకించాం.

జియు ఇప్పోన్‌కీ స్వేచ్ఛా కుమితేకీ మధ్య మేము ఇంకొక మెట్టు కలిపాం. ఒకవైపు ఫైట్. ఒకడికి ఒకే ఒక దెబ్బ అనుమతి, ముందు చేత్తో పొట్ట మీద. రెండోవాడు తిరిగి కొట్టరాదు, తప్పుకోవాలి లేదా ఆపాలి. అర నిమిషం. తర్వాత పాత్రలు మారతాయి. కొత్తవాడు గాబరా పడేది దెబ్బకు కాదు, ఒకేసారి పది సంగతులు ఆలోచించాల్సి రావడానికి. ఒక్క సంగతి ఇస్తే కళ్లు తెరిచి చూస్తాడు. కళ్లు తెరిచి ఉన్నవాడికి నేర్పవచ్చు.

జత కట్టడం గురించి కొంచెం ఎక్కువ చెబుతాం, మా తప్పు అక్కడే జరిగింది కాబట్టి. ఇద్దరు కొత్తవాళ్లు సమానం కదా, ఒకరితో ఒకరిని పెడితే న్యాయం అని అందరూ అనుకుంటారు. మేమూ అనుకున్నాం. హాలులో అన్నిటికంటే ప్రమాదమైన జత అదే. ఇద్దరిలో ఎవరికీ చెయ్యి ఆపడం రాదు. భయపడినవాడు గట్టిగా కొడతాడు, గట్టిగా తగిలినవాడు ఇంకా గట్టిగా తిరిగి కొడతాడు. అందుకే ఇప్పుడు కొత్తవాడి మొదటి ఫైట్లన్నీ బ్రౌన్ బెల్టు పిల్లలతోనో మాతోనో. పెద్ద బెల్టు పని గెలవడం కాదు, తనను కొట్టనివ్వడం. కొత్తవాడు పది కొడితే పెద్దవాడు రెండు తాకాలి, అదీ బట్ట కదిలేలా మాత్రమే. బ్రౌన్ బెల్టులో ఆ ఓర్పు లేకపోతే బ్లాక్ బెల్టు పరీక్షకు పంపం. వయసు, బరువు, అనుభవం మూడూ చూస్తాం. ఎత్తు ఒక్కటే చూసిన రోజులు పోయాయి.

దెబ్బ ఎంత బలంగా ఉండాలి? ‘మెల్లగా కొట్టు’ అంటే ఒక్కో పిల్లవాడికి ఒక్కో అర్థం. అందుకే అంకెలు పెట్టుకున్నాం. ఒకటి అంటే బట్ట తాకింది. రెండు అంటే ఒంటికి తెలిసింది. మూడు అంటే ఒళ్లు కదిలింది. కొత్తవాళ్లకు రెండు దాటడానికి వీల్లేదు. అంకె చెప్పేది కొట్టినవాడు కాదు, తగిలించుకున్నవాడు. “నేను మెల్లగానే కొట్టాను మాస్టర్” అనే మాట మా దగ్గర చెల్లదు. ఎదుటివాడు మూడన్నాడంటే అది మూడే.

ఆపే మాట ‘యామే’. ఫైటులో ఉన్న ఇద్దరే కాదు, హాలులో ఎవరైనా అనవచ్చు, ఆరేళ్ల పిల్లవాడైనా సరే. ఆ మాట వినగానే చేతులు కిందికి దిగి ఒక అడుగు వెనక్కి పడాలి. అప్పుడప్పుడు కారణం లేకుండానే అంటాం, ఎవరి చెయ్యి ఆగిందో చూడటానికి. ఆగని చెయ్యి ఆ వారం ఫైటుకు రాదు.

కోపం సంగతి. కుస్తీలో ఎదుటివాణ్ని పడగొట్టినవాడు బలశాలి కాడు, కోపం వచ్చినప్పుడు తనను తాను అదుపులో ఉంచుకున్నవాడే బలశాలి అన్న భావం గల దైవప్రవక్త (స) ప్రబోధం మీ అందరికీ తెలుసు. దాన్ని గోడ మీద రాసి పెట్టడం తేలిక. హాలులో దాని అర్థం ఏమిటి? తగిలిన దెబ్బ తర్వాత వేసే దెబ్బను చూడాలి. అది ముందటి దానికంటే బరువుగా పడిందంటే కోపం వచ్చిందన్నమాట. నోటితో ఊపిరి తీస్తాడు, ఎదుటివాడి ఛాతీని కాకుండా ముఖాన్ని చూస్తాడు. వెంటనే ఆపి, కూర్చోమని, కుళాయి దగ్గరికి పంపి వుజూ చేసి రమ్మంటాం. కోపం వస్తే వుజూ చేయమని ఉల్లేఖనం ఉంది. చల్లటి నీళ్లు, అక్కడిదాకా నడక, రెండు మూడు నిమిషాల విరామం, ఇవన్నీ అందులోనే ఉన్నాయి. తిరిగొచ్చేసరికి చాలామంది నవ్వుతూ వస్తారు. ముఖం ఇంకా ముడుచుకుని వస్తే ఆ రోజుకు లెక్కలు రాసే పని అప్పగిస్తాం.

దానికి ఎదురు రకం పిల్లలు భయంతో వీపు తిప్పేస్తారు. దెబ్బలు వెనుక మెడ మీద, తల వెనుక పడే ప్రమాదం అప్పుడే. వీపు తిరిగిన క్షణమే యామే. అలాంటి పిల్లవాణ్ని ధైర్యం తెచ్చుకో అని తిట్టకుండా మళ్లీ భుజం తాకే ఆట దగ్గరికి తీసుకెళతాం. నెల పట్టినా ఫరవాలేదు. ఏడ్చినవాణ్ని చూసి నవ్వినవాడికి ఇరవై బస్కీలు.

సామాను గురించి. పళ్లకు మౌత్‌గార్డు తప్పనిసరి. వేడి నీళ్లలో ముంచి మెత్తబడ్డాక కొరికితే పళ్ల ఆకారం పడుతుంది. అన్నదమ్ములైనా ఒకటే పంచుకోకూడదు. అబ్బాయిలకు గజ్జల రక్షణ కప్పు, అందరికీ కాలి పిక్క ముందు భాగానికి షిన్‌గార్డు, చేతికి గ్లవ్స్. గోళ్లు కత్తిరించుకుని రావాలి. ఉంగరాలు, గొలుసులు, గడియారాలు తీసేయాలి. మెడలో తావీదు విషయంలో మొదట్లో కొందరు తల్లులు బాధపడ్డారు. దారం పట్టుకుని లాగితే మెడ కోసుకుపోతుంది, అందుకని ఫైట్ జరిగే పది నిమిషాలూ అమ్మ చేతిలోనో మా బల్ల సొరుగులోనో ఉంటుందని చెప్పాం, ఒప్పుకున్నారు.

హెల్మెట్ గురించి మాత్రం జాగ్రత్తగా వినండి. “హెల్మెట్ పెట్టారుగా, ఇంకేం భయం” అంటారు. హెల్మెట్ చర్మం చిట్లకుండా, చెవి నలగకుండా కాపాడుతుంది. లోపల మెదడు అదరకుండా ఆపలేదు. అమెచ్యూర్ బాక్సింగులో పెద్ద పోటీల పురుషులకు 2013లో హెల్మెట్లు తీసేశారు, 2016 రియో ఒలింపిక్స్‌లో వాళ్లు అవి లేకుండానే ఆడారు. పైగా హెల్మెట్ పెట్టిన పిల్లవాణ్ని చూస్తే ఎదుటివాడి చెయ్యి బరువెక్కుతుంది. మేము హెల్మెట్ వాడతాం. అది ఉంది కదా అని తలకు దెబ్బ అనుమతించం.

ముఖం విషయంలో సొసైటీలోనే వాదన జరిగింది, ఇక్కడ ప్రస్తావించకపోతే బాగుండదు. కొట్లాట వచ్చినా ముఖాన్ని తప్పించమని హదీసులో ఉంది. ముస్లిం వరల్డ్ లీగ్ ఫిఖ్హ్ మండలి 1987లో మక్కా సమావేశంలో బాక్సింగును నిషిద్ధమని తీర్మానించింది. ఎదుటివాడి ఒంటికి తీవ్ర హాని చేయడాన్ని అనుమతించే ఆట అని వాళ్లు చెప్పిన కారణం. మరోవైపు మన నిజామాబాద్ ఆడబిడ్డ నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో బాక్సింగ్ ప్రపంచ చాంపియన్ అయినప్పుడు ఈ హాలులోనే మిఠాయిలు పంచుకున్నాం. ఆ మిఠాయి తిన్నవాళ్లలో మేమూ ఉన్నాం. ఫత్వా ఇవ్వడం మా పని కాదు, ఉలమా ఉన్నారు. మేము చేయగలిగింది చేశాం. మా క్లాసులో కొత్తవాళ్లకు మెడ నుంచి పైకి ఏ దెబ్బా లేదు. గ్రీన్ బెల్టు దాటాక ముఖం వైపు గుద్దు చూపించవచ్చు, తాకరాదు, జానెడు ముందే ఆగాలి. దానివల్ల పోటీల్లో మా పిల్లలు ఒకటి రెండు పాయింట్లు పోగొట్టుకుంటున్నారని మాలోనే కొందరు అంటారు. పోగొట్టుకోనివ్వండి.

అమ్మాయిల క్లాసు వేరే రోజుల్లో, మహిళా శిక్షకురాలి దగ్గర. హజ్రత్ ఆయిషా (రజి)తో దైవప్రవక్త (స) పరుగు పందెం వేసుకున్నారని ఉల్లేఖనం ఉంది కాబట్టి ఆడపిల్లలకు ఆటలెందుకు అన్న ప్రశ్నకు మేము ఎక్కువ సమయం ఇవ్వం. భద్రత విషయంలో ఒక్క మాట మాత్రం ఉంది, గుండుసూదులు. హిజాబుకు పిన్నులు పెట్టుకుని ఫైటుకు దిగకూడదు, పిన్ను ఊడి తనకో ఎదుటి పిల్లకో గుచ్చుకుంటుంది. పిన్నులు లేకుండా తల మీదికి తొడిగే సాగే బట్టవి దొరుకుతాయి, మన కుట్టు కేంద్రంలోని ఆడపడుచులే ఇప్పుడు కుట్టి ఇస్తున్నారు.

రమజాన్‌లో ఫైట్ ఉండదు. ఉపవాసంతో ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు తూలడం, కాళ్లు పట్టేయడం మామూలు. ఆ నెల కటాలు, సాగదీసే వ్యాయామాలు మాత్రమే. ఈద్ తర్వాత మొదటి వారం కూడా మెల్లగానే.

ఇప్పుడు తల దెబ్బ. తల్లులు దీన్ని ఇంటికి తీసుకెళ్లాలి. పిల్లవాడు మెట్ల మీద పడ్డా, క్రికెట్ బంతి తగిలినా ఇదే వర్తిస్తుంది. స్పృహ తప్పితేనే కంకషన్ అనుకుంటారు, అది తప్పు. చాలామందికి స్పృహ తప్పదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, వెలుతురు భరించలేకపోవడం, మాట మందగించడం, అడిగిందే అడగడం, ఉన్నట్టుండి చిరాకు, నిద్ర తేడా, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజుకు ఆట ముగిసినట్టే. పిల్లవాడు బాగానే ఉన్నానని ప్రమాణం చేసినా సరే. ఒక్కణ్నే ఇంటికి పంపం, పెద్దవారి చేతికి అప్పగించి, ఏం జరిగిందో, ఏం గమనించాలో కాగితం మీద రాసిస్తాం. వైద్యుడికి చూపించాలి. మాటిమాటికి వాంతులు, తలనొప్పి అంతకంతకూ పెరగడం, లేపినా లేవనంత మత్తు, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదవడం, చెయ్యి గానీ కాలు గానీ బలహీనపడటం, మెడలో తీవ్రమైన నొప్పి, వీటిలో ఏదైనా ఉంటే వేచి చూడకండి, వెంటనే 108.

మొదటి ఒకటి రెండు రోజులు విశ్రాంతి. అంటే చీకటి గదిలో పడుకోబెట్టమని కాదు, మెల్లగా నడవవచ్చు, ఫోను, టీవీ తగ్గించాలి. తర్వాత మెట్లు మెట్లుగా. నడక, తేలిక వ్యాయామం, ఒంటరి కటాలు, జతతో తాకని సాధన, చివరికి ఫైట్. ఒక్కో మెట్టుకు కనీసం ఒక రోజు, లక్షణం తిరగబెడితే వెనక్కి. ముందు బడి చదువు మామూలుగా సాగాలి, ఆ తర్వాతే ఫైట్, అదీ వైద్యుడు సరేనన్నాకే. పిల్లలకు పెద్దలకంటే ఎక్కువ కాలం పడుతుంది, నెల దాకా పట్టినా వింత లేదు. మొదటి దెబ్బ మానకముందే రెండోది తగిలితే మెదడు వాచి ప్రాణం మీదికి రావచ్చు. అరుదు, కానీ జరిగేది ఎక్కువగా చిన్న వయసువారికే. ఆ సాయంత్రం మా పిల్లవాణ్ని కూర్చోబెట్టాం, మళ్లీ ఫైటుకు లేపలేదు. అంతవరకైనా అల్లాహ్ మమ్మల్ని కాపాడాడు.

తప్పుకోవడం అవమానమని పిల్లలు అనుకుంటారు. నిజామాబాద్ బాక్సర్ హుసాముద్దీన్ 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీఫైనల్ దాకా వెళ్లి, మోకాలి గాయం వల్ల ఆ పోటీకి దిగకుండానే తప్పుకున్నారు. కాంస్య పతకంతో వచ్చారు. ప్రపంచ పతకం ముందు నిలబడి ఆగగలిగిన మనిషిని చూపించి, బెల్టు పరీక్ష ముందు ఆగలేవా అని మా పిల్లల్ని అడుగుతాం.

తండ్రులకు ఒక మనవి. పోటీ రోజున పక్కన నిలబడి “కొట్టరా! వదలకురా!” అని అరవకండి. మేము ఏడాది పాటు రెండో అంకె దాటొద్దని నేర్పింది మీ ఒక్క కేకతో ఐదో అంకెకు వెళుతుంది. పోయినేడు ఒక తండ్రిని మేమే మర్యాదగా బయటికి తీసుకెళ్లాల్సి వచ్చింది. ఆయన ఇప్పుడు ఇక్కడే ఉన్నారు, నవ్వుతున్నారు. ఆయన అనుమతితోనే చెబుతున్నాం.

డబ్బు సంగతి కోశాధికారి గారు చెబుతారు గానీ ఒక్క వివరణ. మ్యాట్లకు, గ్లవ్స్‌కు జకాత్ సొమ్ము ఒక్క రూపాయి వాడలేదు. జకాత్ ఎవరికి చెందాలో ఖుర్‌ఆన్‌లో నిర్ణయమై ఉంది, మ్యాట్లు అందులో రావు. ఇదంతా లిల్లాహ్ విరాళాల నుంచి వచ్చింది. రెండు మూలల్లో మ్యాట్లు అరిగి గట్టిపడ్డాయి, వాటి మీద ప్రస్తుతం ఎవరినీ నిలబెట్టడం లేదు. అందువల్ల ఒకేసారి మూడు జతలు ఆడాల్సిన చోట రెండే ఆడుతున్నాయి, మిగతా పిల్లలు గోడ దగ్గర కూర్చుని తమ వంతు కోసం చూస్తున్నారు. కొత్త మ్యాట్లు వచ్చేదాకా అలాగే కూర్చుంటారు.

ఆ పిల్లవాడి గురించి అడుగుతారని తెలుసు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. మజీదులో కనబడితే సలాం చెబుతాడు, మేమూ చెబుతాం. ఈ షవ్వాల్ నెలలో వాళ్ల అమ్మీ తన చిన్న కూతుర్ని తీసుకొచ్చి అమ్మాయిల క్లాసులో చేర్పించారు. ఫారం నింపుతూ, “ఫైట్ ఉంటుందా?” అని అడిగారు. ఉంటుంది, కానీ ఆరు నెలల దాకా ఉండదు అని చెప్పాం. ఆమె హాలులోకి వచ్చి, చెప్పులు విడిచి, మ్యాటు మీద మోకాలితో నొక్కి చూశారు. తర్వాత సంతకం పెట్టారు.

ఆదివారం ఉదయం ఆరున్నరకు హాలు తెరుస్తాం. ఎవరైనా వచ్చి కూర్చుని చూడవచ్చు. యామే అనే హక్కు మీకూ ఉంది.